డాన్ స్టేలీ ఉదాహరణ: పాయింట్ గార్డు కోచ్‌గా మారడానికి పట్టే కాలం

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో బాస్కెట్‌బాల్ టీమ్‌కి కోచ్ కావాలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది యూనివర్సిటీకి ఆడిన సీనియరే. సౌత్‌జోన్‌లో బాగా ఆడాడు, ఆట తెలుసు, జూనియర్లకు అతనంటే గురి ఉంది. అంతకంటే ఏం కావాలి అనుకుంటారు. విజిల్ మెడలో వేసుకుని గ్రౌండ్‌లోకి దిగుతాడు. రెండేళ్లు గడిచినా టీమ్ మొదటి రౌండ్ దాటదు. అతనికి ఆట రాక కాదు. ఆడడం ఒక పని, ఆడించడం ఇంకో పని. మొదటిది ఎంత బాగా వస్తే రెండోది అంత త్వరగా వస్తుందనుకోవడం దగ్గరే తేడా కొడుతోంది.

ఆ తేడా ఎంతో కొలిచి చూడాలంటే అమెరికా కోచ్ డాన్ స్టేలీ ప్రయాణం మంచి ఉదాహరణ. ఆడిన రోజుల్లో ఆమె పాయింట్ గార్డు, అంటే బంతి తీసుకొచ్చి టీమ్‌ని ఆడించే మనిషి. కాలేజీ కోచ్‌గా మూడు జాతీయ టైటిళ్లు గెలిచింది. కానీ ఈ ఉదాహరణలో మనకు పనికొచ్చేది ఆ టైటిళ్ల కంటే వాటికి ముందు ఓడిన సీజన్లు.

ఆడిన కాలం

స్టేలీ 1970లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మన జిల్లా టీముల్లో గార్డులుగా ఆడే అమ్మాయిల్లో ఆ ఎత్తున్నవాళ్లు దొరుకుతారు. 1988 నుంచి 1992 దాకా వర్జీనియా యూనివర్సిటీకి ఆడింది. 1990, 1991, 1992లో వరుసగా మూడుసార్లు టీమ్‌ను ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌కు తీసుకెళ్లింది. టైటిల్ మాత్రం ఒక్కసారీ రాలేదు. 1991 ఫైనల్లో టెనెస్సీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 70–67తో ఓడిపోయారు. ఓడిన జట్టులో ఉన్నా ఆ ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చారు.

ఆ తర్వాత 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు. 2004 ఏథెన్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని నడిచింది ఆమే. అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో షార్లెట్ స్టింగ్‌కు, చివర్లో హ్యూస్టన్ కామెట్స్‌కు ఆడి 2006లో ఆట మానింది.

ఆడేటప్పుడు మణికట్టుకు ఒక రబ్బరు బ్యాండు వేసుకునేది. బంతి పోగొట్టుకుంటే దాన్ని లాగి వదిలేది, చురుక్కుమనేలా. తప్పును అక్కడికక్కడే గుర్తుచేసుకుని మళ్లీ ఆటలో పడడానికి తనకు తాను పెట్టుకున్న పద్ధతి అది. ఈ చిన్న విషయం దగ్గర కాస్త ఆగాలి. ఆటగాడు తన తప్పును తన ఒంటి మీద గుర్తు పెట్టుకోగలడు. కోచ్ అయ్యాక తప్పు చేసేది 12 మంది. వాళ్ల మణికట్లకు రబ్బరు బ్యాండ్లు తగిలించలేం. ఆ పని ఒక కాగితం చేయాలి. ఆ కాగితం సంగతి కింద వస్తుంది.

రెండు పనులూ ఒకేసారి

2000లో ఫిలడెల్ఫియాలోనే ఉన్న టెంపుల్ యూనివర్సిటీ ఆమెను హెడ్ కోచ్‌గా తీసుకుంది. అప్పటికి కోచింగ్ అనుభవం లేదు, పైగా ఇంకా ఆడుతోంది. అదే ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, వెంటనే కాలేజీ సీజన్‌లోకి వచ్చింది. ఎండాకాలంలో డబ్ల్యూఎన్‌బీఏలో ఆట, నవంబర్ నుంచి కాలేజీ టీమ్. 2006 దాకా ఇలాగే నడిచింది. టెంపుల్‌లో 8 సీజన్లలో 172 గెలుపులు, 80 ఓటములు. ఆరుసార్లు కాలేజీల జాతీయ టోర్నీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు వెళ్లారు.

ఇది చూసి మన దగ్గర ఇప్పటికీ ఆడుతున్నవాళ్లు రెండూ చేయగలం అనుకుంటే తొందరపడినట్టే. ఆమె రెండు సీజన్లూ క్యాలెండర్‌లో విడివిడిగా ఉన్నాయి. మన దగ్గర అలా కుదరదు. యూనివర్సిటీ టోర్నీలు, సీనియర్స్ పోటీలు, ఉద్యోగం చేసే శాఖ టోర్నీలు చాలాసార్లు ఒకే రెండు మూడు నెలల్లో మీద పడతాయి. టీమ్‌ను సెలక్షన్స్ ముందు వదిలేసి కోచ్ తన మ్యాచ్‌కి వెళ్లాల్సి వస్తుంది. ఇంకా ఆడాలనుకునేవాళ్లు ఆడినన్నాళ్లూ అసిస్టెంట్‌గా ఉండడమే టీమ్‌కీ వాళ్లకీ మంచిది.

10–18

2008లో స్టేలీ సౌత్ కరోలినా యూనివర్సిటీకి వెళ్లింది. మొదటి సీజన్ 10 గెలుపులు, 18 ఓటములు. రెండోది 14–15. మూడోది 18–15. నాలుగో సీజన్‌లో, 2012లో, 25–10తో చివరి 16 జట్లలో నిలిచారు. ఫైనల్ ఫోర్‌కు మొదటిసారి వెళ్లింది 2015లో. టైటిల్ 2017లో, మిసిసిపీ స్టేట్ మీద 67–55తో. ఆ తర్వాత 2022లో కనెక్టికట్ మీద 64–49. 2024లో అయోవా మీద 87–75తో గెలిచి, సీజన్ మొత్తం ఒక్క ఓటమి లేకుండా 38–0తో ముగించారు.

మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న మనిషికి, అప్పటికే 8 ఏళ్ల కోచింగ్ అనుభవం ఉన్న మనిషికి, కొత్త చోట గెలుపులు ఓటములను దాటడానికే మూడో సీజన్ దాకా పట్టింది. మన కాలేజీల్లో కాంట్రాక్టు సాధారణంగా ఏడాదికేడాది. రెండో ఏడాది చివర 14–15 ఉన్న కోచ్‌ని పిలిచి "వేరేవాళ్లను చూస్తున్నాం" అంటారు. మూడో ఏడాది చూడకుండా ఎవరి సంగతీ తేలదు. చేరేముందే మూడేళ్లు అడగాలి. ఇవ్వకపోతే కనీసం ఏం చూసి అంచనా వేస్తారో రాయించుకోవాలి.

ఆ మధ్య ఏళ్లలో ఆమె చేసిన పనుల్లో పైకి ఎక్కువ కనపడేది చుట్టుపక్కల ఆటగాళ్లను వదులుకోకపోవడం. 2014లో చేరిన ఏజా విల్సన్‌ది యూనివర్సిటీ ఉన్న కొలంబియా పక్కనే ఉన్న హాప్‌కిన్స్. దేశంలో పెద్ద పెద్ద యూనివర్సిటీలన్నీ కోరుకున్న అమ్మాయి ఇంటి దగ్గరే ఉండిపోయింది. 2017 టైటిల్ ఆ జట్టుదే.

మన దగ్గర పోయే రెండేళ్లు

విజయవాడ, గుంటూరులో ఆటగాళ్లు లేక కాదు. స్కూల్ గేమ్స్ అండర్-17లో చక్కగా ఆడే పిల్లలు ఏటా వస్తారు. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంటర్ హాస్టళ్లలోకి వెళ్తారు. అక్కడ రెండేళ్లు బంతి ముట్టరు. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కుర్చీలోనే. 18 ఏళ్లకు బీటెక్‌లో చేరి గ్రౌండ్‌కి వస్తే ఎత్తు పెరిగి ఉంటుంది, బరువు పెరిగి ఉంటుంది, కాళ్లలో మాత్రం పదో తరగతి నాటి సత్తువ కూడా ఉండదు. మనసుకు ఆట గుర్తుంటుంది, చీలమండకు ఉండదు. కొత్త కోచ్ మొదటి వారంలోనే ఫుల్ కోర్టు గేమ్ పెడితే నెల తిరక్కుండా ఇద్దరు ముగ్గురు చీలమండ మెలిపడి కూర్చుంటారు.

అందుకే ఫస్టియర్ పిల్లలకు మొదటి మూడు వారాలు గేమ్ ఉండకూడదు. మొదటి వారం రెండు కాళ్ల మీద దూకి రెండు కాళ్ల మీద దిగడం మాత్రమే. మోకాళ్లు లోపలికి వాలకుండా, పాదం మొత్తం ఆనేలా దిగాలి. రోజుకు 30 దూకుళ్లు చాలు. రెండో వారం ఒక కాలి మీద దూకి రెండు కాళ్లతో ఆగడం, అంటే జంప్ స్టాప్. మూడో వారం పక్కకు కదిలి ఆగడం, వెనక్కి తిరగడం. పక్కపక్కనే బంతి పని, షూటింగ్ మామూలుగా నడుస్తాయి. పిల్లలు "గేమ్ ఎప్పుడన్నా?" అని రోజూ అడుగుతారు. నాలుగో వారమని తేదీతో సహా చెప్పేస్తే ఆగుతారు.

ఆ "అన్నా" అన్న పిలుపు గురించి ఒక మాట. నిరుడు కలిసి ఆడినవాడు ఈ ఏడు కోచ్ అయితే జూనియర్లు అన్నా అనే పిలుస్తారు. సార్ అనమని పట్టుబట్టక్కర్లేదు. గౌరవం తగ్గేది పిలుపు వల్ల కాదు. తొలి ఐదుగురిలో ఎవరున్నారో మ్యాచ్ ముందు హడావిడిగా చెప్పడం వల్ల, ఎందుకు తీశారో చెప్పకపోవడం వల్ల తగ్గుతుంది. ముందురోజు సాయంత్రమే, తీసేసిన పిల్లవాడికి విడిగా, కారణంతో చెప్పాలి.

చేతికి తెలిసింది నోటికి రావాలి

మంచి ఆటగాడు కోచ్‌గా తడబడేది సరిగ్గా ఇక్కడే. అతను చేసేది అతనికే తెలియదు. ఒంటికి తెలుసు. "ఎలా చేశావన్నా?" అంటే "చూడు, ఇలా" అని ఫుల్ స్పీడులో చేసి చూపిస్తాడు. పిల్లవాడికి కనపడేది చివర్లో రింగు దగ్గరికెళ్లి వేసే లేఅప్ ఒక్కటే. ముందు జరిగిన నాలుగు పనులు కనపడవు.

పిక్ అండ్ రోల్ తీసుకుందాం. గార్డుని కాస్తున్న డిఫెండర్‌కి మనవాడొకడు అడ్డంగా నిలబడతాడు (అదే స్క్రీన్), తర్వాత రింగు వైపు తిరుగుతాడు. గార్డు ఒక్క సెకనులో చేసే పనిలో ఐదు భాగాలున్నాయి. స్క్రీన్ పెట్టేవాడి రెండు పాదాలూ నేల మీద నిలిచేదాకా గార్డు కదలకూడదు. తొందరపడి ముందే కదిలితే స్క్రీనర్ సర్దుకోవడానికి పక్కకు జరుగుతాడు, కదిలే స్క్రీన్ అని ఫౌల్ పడుతుంది. తప్పు గార్డుది, ఫౌల్ స్క్రీనర్ ఖాతాలో. తర్వాత స్క్రీన్ లేని వైపు ఒక అడుగు వేసి డిఫెండర్‌ని అటు లాగాలి. ఆ తర్వాత తన భుజం స్క్రీనర్ తుంటికి రాసుకునేలా దాటాలి. ఇద్దరి మధ్య జానెడు ఖాళీ ఉన్నా డిఫెండర్ అందులోంచి దూరిపోతాడు. దాటాక బంతి పట్టేసుకోకుండా రెండు డ్రిబుల్స్ కొట్టాలి. ఇక ఐదోది, అన్నిటికంటే కష్టమైనది: చూపు. తన మీద ఉన్నవాణ్ణి కాదు, స్క్రీనర్‌ని కాస్తున్న పొడుగువాణ్ణి చూడాలి. వాడు బయటికి వస్తే రింగు వైపు తిరిగిన స్క్రీనర్‌కి బౌన్స్ పాస్. వాడు వెనకే ఉండిపోతే ఆగి షాట్. ఇద్దరూ కలిసి బంతి మీదకి వస్తే వెనక్కి రెండడుగులు డ్రిబుల్ చేసి ఖాళీ చేసుకుని పాస్. అవతలి మూల నుంచి ఎవరైనా స్క్రీనర్‌ని ఆపడానికి లోపలికి వస్తే, వాడు వదిలేసిన మూలలో మనవాడు ఖాళీగా ఉన్నట్టే.

దీన్ని నేర్పడానికి ఆరు నుంచి ఎనిమిది ప్రాక్టీసులు పడతాయి. మొదటి రెండు రోజులు డిఫెండర్ లేకుండా నడక వేగంతో. తర్వాత డిఫెండర్‌కి "నువ్వు బయటికే రా" అని ముందే చెప్పి చేయించడం. గార్డుకీ అది తెలుసు, సమాధానం ఒక్కటే. తర్వాత డిఫెండర్‌కి రెండు దారులిచ్చి ఏది ఎంచుకుంటాడో గార్డుకి చెప్పకుండా. చివరికి ముగ్గురి మీద ముగ్గురు, గడియారంతో. కోచ్ ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి, రెండూ నెమ్మదిగా చూపించి పక్కకు తప్పుకోవాలి.

పదో మనిషి రాలేదని కోచ్ గేమ్‌లో దూరే అలవాటు ఇంకా చెడ్డది. లోపల ఆడుతుంటే తన చుట్టూ రెండు మీటర్లు తప్ప ఏమీ కనపడదు. పైగా బంతి వచ్చి అతని చేతిలోనే పడుతుంది, ఎందుకంటే పిల్లలు అన్నకే ఇస్తారు. తొమ్మిది మందే ఉంటే నలుగురి మీద నలుగురు ఆడించి, మిగిలినవాడికి కాగితం ఇవ్వాలి.

కాగితం

రబ్బరు బ్యాండు చేసిన పని ఈ కాగితం చేస్తుంది. టర్నోవర్ (షాట్ కొట్టకుండానే బంతి పోగొట్టుకోవడం) జరిగిన ప్రతిసారీ ఎవరు, కోర్టులో ఎక్కడ, ఏ రకం అని మూడు గళ్లు. రకాలు ఐదు చాలు: తప్పు పాస్, ట్రావెలింగ్, ఇద్దరి మధ్య ఇరుక్కుని పోగొట్టుకున్నది, అటాకింగ్ ఫౌల్, టైమ్ అయిపోయినది.

మ్యాచ్ అయ్యాక ఒక లెక్క వేయాలి. పడినా పడకపోయినా వేసిన షాట్లన్నిటికీ, వేసిన ఫ్రీత్రోలను (ఫౌల్‌కి దొరికే షాట్లు) 0.44తో గుణించి కలపాలి. అందులోంచి మన షాట్ మిస్సయితే మనమే పట్టిన రీబౌండ్లు తీసేయాలి. టర్నోవర్లు కలపాలి. మన చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో వస్తుంది. ఉదాహరణకు 62 షాట్లు, 18 ఫ్రీత్రోలు, అటాక్‌లో 10 రీబౌండ్లు, 21 టర్నోవర్లు అనుకుందాం. 62, దానికి 7.92 కలిపితే 69.92. 10 తీస్తే 59.92. 21 కలిపితే 80.92, అంటే 81 అవకాశాలు. 21ని 81తో భాగిస్తే 26 శాతం. నాలుగు అవకాశాల్లో ఒకటి షాట్ కొట్టకుండానే పోయింది. ఇలాంటి టీమ్‌కి షూటింగ్ కోసం అదనంగా అరగంట ప్రాక్టీస్ పెట్టడం వృథా. ముందు 21ని 15కి తేవాలి, ఆరు షాట్లు ఉత్తినే వస్తాయి.

వీడియోకి ఒక ఫోన్ చాలు. కోర్టు పక్కన కాకుండా రెండో అంతస్తు వరండాలోంచి, సెంటర్ లైన్‌కి ఎదురుగా, అడ్డంగా పెట్టి తీయాలి. కింది నుంచి తీస్తే బంతే కనపడుతుంది, అవతలి మూలలో ఖాళీగా నిలబడ్డవాడు ఎప్పటికీ కనపడడు.

అక్కడిది ఇక్కడికి తెచ్చేటప్పుడు

అమెరికా కాలేజీ టీములు సీజన్‌లో వారానికి 20 గంటల దాకా ప్రాక్టీస్ చేయొచ్చు, రోజుకు నాలుగు గంటలకు మించకూడదు, వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. మన దగ్గర సాయంత్రం క్లాసులయ్యాక 4:45 నుంచి 6 దాకా దొరికితే గొప్ప. ఆరు రోజులకు కలిపి ఏడున్నర గంటలు. డే స్కాలర్లకు కాలేజీ బస్సు వెళ్లిపోతుందన్న కంగారు వేరే. డిసెంబర్‌లో 5:30 దాటితే లైట్లు లేని కోర్టులో బంతి కనపడదు. అప్పుడు ప్రాక్టీస్ ఉదయం ఆరున్నరకు మార్చాలి, అది హాస్టలర్లతోనే కుదురుతుంది. మిడ్ పరీక్షల వారం పూర్తిగా వదిలేయడం మేలు. పరీక్ష పోయిన పిల్లవాణ్ణి ఇంట్లోవాళ్లు మళ్లీ గ్రౌండ్‌కి పంపరు.

75 నిమిషాల్లో 10 వార్మప్, దిగే పద్ధతులకు. 15 ఒత్తిడిలో పాస్, డ్రిబుల్. 20 ఆ రోజు నేర్పే ఒకే ఒక్క అంశం. 20 గేమ్. అలసిపోయిన కాళ్లతో ఫ్రీత్రోలకు 5, చల్లబడడానికి 5. ఒకే అంశం అన్నది గట్టిగా పాటించాలి. ఏడున్నర గంటల్లో పది ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) నేర్పబోతే మ్యాచ్‌లో ఒక్కటీ రాదు. మూడు ప్లేలు, ప్రెస్‌ని (అవతలివాళ్లు కోర్టంతా మీద పడి కాయడాన్ని) దాటే ఒక పద్ధతి, ఒక సైడ్‌లైన్ త్రో-ఇన్, ఇంతే సామాను.

నెట్‌లో చూసి ప్లేలు తెచ్చుకునే కొత్త కోచ్‌లు నిబంధనల తేడా మర్చిపోతున్నారు. అమెరికా కాలేజీ ఆటలో షాట్ క్లాక్, అంటే షాట్ కొట్టడానికి గడువు, 30 సెకన్లు, మనం ఆడే ఫిబా (అంతర్జాతీయ సమాఖ్య) నిబంధనల్లో 24. అటాక్‌లో రీబౌండ్ పడితే మనకు 14 మాత్రమే. సగం కోర్టు దాటడానికి వాళ్లకు 10 సెకన్లు, మనకు 8. వాళ్ల ప్లేలో నాలుగో పాస్‌కి వచ్చే షాట్ మనకు టైమ్ అయిపోయాక వస్తుంది. తెచ్చుకున్న ప్లేని మూడు పాస్‌లకు కుదించి, 16 సెకన్లలో షాట్ పడుతోందా అని గడియారంతో చూడాలి.

కోర్టును కూడా టేపుతో కొలవాలి. చాలాచోట్ల పాత సిమెంటు మీద కొత్త పొర పోశారు. 5 సెంటీమీటర్లు పోస్తే 3.05 మీటర్లు ఉండాల్సిన రింగు 3 మీటర్లకు వచ్చేస్తుంది. అక్కడ సాధన చేసిన పిల్లలు బయటి కోర్టులో షాట్లన్నీ పొట్టిగా కొడతారు, కారణం తెలియక తల పట్టుకుంటారు. మూడు పాయింట్ల గీత 2010లో 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది, రింగు ముందు గీతల్లో బేస్‌లైన్ వైపు వెడల్పయ్యే ఆకారం పోయి దీర్ఘచతురస్రం వచ్చింది. పాత గీతలు చెరపకుండా కొత్తవి పక్కనే వేసిన కోర్టులు ఇప్పటికీ ఉన్నాయి. పెయింట్ డబ్బా ఒకటి కొని పాతవి కప్పేయడం కోచ్ మొదటి వారం పనుల్లో ఒకటి. సిమెంటు మీద లెదర్ బంతి నెలల్లో అరిగిపోతుంది. ప్రాక్టీస్‌కి రబ్బరు బంతులు, మ్యాచ్ ముందు వారం మాత్రం టోర్నీలో వాడే రకం తీయాలి, లేకపోతే చేతికి పట్టు కొత్తగా ఉంటుంది.

ఉద్యోగం సంగతి

ఆటలో రికార్డుతోనే కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ అయిపోవచ్చనే అపోహ ఇంకా ఉంది. యూజీసీ నిబంధనల ప్రకారం ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో 55 శాతంతో పీజీ, నెట్ లేదా స్టేట్ పరీక్ష లేదా నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ, ఆటలో ప్రాతినిధ్యం, వీటితో పాటు ఫిట్‌నెస్ పరీక్ష కావాలి. 30 ఏళ్ల లోపు పురుషులు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పరిగెత్తాలి. కోచ్‌గా నిలబడాలనుకునేవాళ్లకు పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా వేరే దారి. ఏడాది తీరిక లేనివాళ్లకు అక్కడి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. అంతర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడే వయసు 25తో అయిపోతుంది. ఆ లోపే ఈ రెండు దారుల్లో ఒకటి ఎంచుకుని చదువు మొదలుపెట్టినవాళ్లకు 28 దగ్గర వెతుకులాట ఉండదు.

వల ముక్క

అమెరికాలో టైటిల్ గెలిచిన జట్టు రింగుకున్న వలను కత్తిరించి ముక్కలు పంచుకుంటుంది. 1999లో పర్డ్యూ యూనివర్సిటీని గెలిపించిన క్యారొలిన్ పెక్ ఆ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్. ఆమె తన వలలోంచి ఒక ముక్కను స్టేలీకి ఇచ్చింది, నువ్వు గెలిచాక తిరిగిమ్మని. స్టేలీ దాన్ని దగ్గర పెట్టుకుంది. 2017లో గెలిచాక తన వలను ముక్కలు చేసి, దేశంలో కోచ్‌లుగా పనిచేస్తున్న నల్లజాతి మహిళలకు తర్వాత పంపించింది.

మన దగ్గర కోచ్ మారితే కొత్తవాళ్ల చేతికి వచ్చేవి స్టోర్‌రూమ్ తాళం, గాలిపోయిన నాలుగు బంతులు. పాత టర్నోవర్ కాగితాలు, ఏ పిల్లవాడికి ఏ చీలమండ ఎప్పుడు మెలిపడిందో రాసిన నోట్, ఏయే స్కూళ్లలో అండర్-17 ఆడేవాళ్లు పదో తరగతికి వచ్చారో పేర్ల జాబితా, ఈ మూడూ ఒక ఫైల్లో పెట్టి ఇస్తే వచ్చే కోచ్‌కి మొదటి సీజన్ కలిసొస్తుంది. జాబితాలో ఉన్న పిల్లల ఇళ్లకు ఇంటర్ రెండో ఏడాది డిసెంబర్‌లోనే వెళ్లి రావాలి. కౌన్సెలింగ్ మొదలయ్యాక వెళ్తే అప్పటికే వేరే కాలేజీ పేరు రాసేసుకుని ఉంటారు.